మాత్రకు లేజర్ బెజ్జం: మందు వేగాన్ని నిజంగా నిర్ణయించేదేమిటి?

కొన్ని దీర్ఘకాలిక మాత్రలు ద్రవాభిసరణతో, అంటే పైపొర గుండా లోపలికొచ్చే నీటి తోపుతో, మందును గంటల తరబడి ఒక చిన్న బెజ్జంలోంచి బయటికి పంపుతాయి. ఆ బెజ్జాన్ని లేజర్‌తో పెడతారు. అలాంటి 9 మి.మీ. గుండ్రటి మాత్రకు 0.5 మి.మీ. బెజ్జం పెట్టినా, 0.7 మి.మీ. బెజ్జం పెట్టినా మందు బయటికొచ్చే వేగం చాలా ఫార్ములేషన్లలో దాదాపు ఒకేలా ఉంటుంది. బెజ్జం వైశాల్యం మాత్రం 0.196 నుంచి 0.385 చదరపు మి.మీ.కి, అంటే ఇంచుమించు రెట్టింపవుతుంది. అదే మాత్ర పైపొర మందం పది శాతం పెరిగిందనుకోండి, వేగం కూడా సుమారు పది శాతం పడిపోతుంది. జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం చుట్టూ మాత్రలు తయారుచేసే ప్లాంట్లలో ఈ తరహా ఉత్పత్తి మీద పనిచేసే వాళ్లు ముందుగా మనసుకు పట్టించుకోవాల్సిన లెక్క ఇదే. డిసొల్యూషన్ (మాత్రలోంచి మందు ఎంత వేగంగా ద్రవంలోకి వస్తోందో చూసే పరీక్ష) ఫలితం కాస్త తేడా వస్తే చాలు, అనుమానం మొదట లేజర్ మీదికే పోతుంది. కంటికి కనిపించేది బెజ్జమే కదా. వేగాన్ని శాసించే పొర కంటికి ఆనదు.

అలాగని బెజ్జాన్ని తేలిగ్గా తీసుకునే వీలు లేదు. దాని కొలత కాస్త అటూ ఇటూ అయినా మాత్ర ఓర్చుకుంటుంది. అసలు బెజ్జమే పడకపోయినా, పడాల్సిన వైపు కాకుండా రెండో వైపు పడినా, పడ్డాక పూడుకుపోయినా ఓర్చుకోదు. పరీక్షలు, కెమెరాలు, రికార్డులు అన్నీ ఈ మూడింటి చుట్టూ తిరగాలి.

లోపల జరిగేది

మాగాయ పెట్టే ఇంట్లో దీన్ని వివరించనక్కర్లేదు. ఉప్పు చల్లిన మామిడి ముక్కలోంచి ఊట దిగుతుంది. నీరు ఎప్పుడూ ఉప్పు ఎక్కువున్న వైపుకే నడుస్తుంది. ద్రవాభిసరణ మాత్రలో ఉప్పు లోపల ఉంటుంది, నీరు బయటినుంచి లోపలికి వస్తుంది. చుట్టూ ఉన్న సెల్యులోజ్ అసిటేట్ పొర నీటిని లోనికి రానిస్తుంది కానీ మందును, ఉప్పును బయటికి పోనివ్వదు. లోపలికొచ్చిన నీటికి చోటు కావాలి కాబట్టి అంతే పరిమాణంలో మందు ద్రావణం ఉన్న ఒకే దారి, అంటే బెజ్జం గుండా, బయటపడుతుంది.

ఈ తోపు ఎంత గట్టిదో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 37 డిగ్రీల దగ్గర సంతృప్త సోడియం క్లోరైడ్ ద్రావణపు ద్రవాభిసరణ పీడనం సుమారు 356 అట్మాస్ఫియర్లు. పొటాషియం క్లోరైడ్‌కు 245, మానిటాల్‌కు 38. శరీర ద్రవాలది 7 దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే పేగులో తిండి ఉన్నా లేకపోయినా, ఆమ్లమున్నా క్షారమున్నా లోపలికి నీరొచ్చే వేగం పెద్దగా మారదు. ఆ వేగం పొర వైశాల్యం, పొరలో నీరు పారే గుణం, లోపలి పీడనం పెరిగేకొద్దీ పెరుగుతుంది. పొర మందం పెరిగేకొద్దీ తగ్గుతుంది. సమీకరణంలో బెజ్జం వ్యాసానికి చోటే లేదు.

బెజ్జానికి ఉన్నవి రెండు హద్దులు మాత్రమే. మరీ చిన్నదైతే లోపల ఒత్తిడి పెరిగి పొర ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. మరీ పెద్దదైతే పంపు పనితో సంబంధం లేకుండా మందు తనంతట తానే కరిగి బయటికి వ్యాపిస్తుంది. ఫెలిక్స్ థీవెస్ 1975లో ప్రచురించిన తొలి ద్రవాభిసరణ పంపు ప్రయోగాల్లో పొటాషియం క్లోరైడ్ మాత్రకు 0.075 నుంచి 0.274 మి.మీ. వరకు బెజ్జం ఎంతున్నా వేగం ఒకేలా వచ్చింది. ఆ పైన వ్యాపనం వాటా పెరిగింది. ఈనాటి రెండు పొరల మాత్రల్లో బయటికి రావాల్సింది నీళ్లలాంటి ద్రావణం కాదు, చిక్కటి జిగురు. కాబట్టి బెజ్జం కూడా పెద్దదే ఉంటుంది, సాధారణంగా 0.4 నుంచి 1 మి.మీ. మధ్య.

ఆ రెండు పొరల అమరికను కాస్త దగ్గరగా చూడాలి. ఇవి సెల్యులోజ్ అసిటేట్ పొరకు లోపల, మాత్రలోనే ఉండే పొరలు. పై పొరలో మందు, తక్కువ అణుభారమున్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఉంటాయి. ఈ పాలిమర్ అణుభారం లక్ష నుంచి 3 లక్షల దాకా. కింది పొరలో మందు ఉండదు. 50 నుంచి 70 లక్షల అణుభారమున్న పాలీఇథిలీన్ ఆక్సైడ్, సోడియం క్లోరైడ్, రంగు కోసం కొద్దిగా ఎర్ర ఐరన్ ఆక్సైడ్ ఉంటాయి. నీరు తగిలితే కింది పొర ఉబ్బి, సిరంజి ముషలకంలా పై పొరను బెజ్జంవైపు నెడుతుంది. నీళ్లలో సరిగా కరగని నిఫెడిపిన్, గ్లిపిజైడ్ లాంటి మందులకు ఈ పద్ధతే దారి చూపింది. ఎర్ర రంగు అందానికి కాదు. యంత్రం ఏది మందు వైపో గుర్తుపట్టేది దాన్ని చూసే.

చిన్న చరిత్ర

బొగ్గుపులుసు వాయువు లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన కుమార్ పటేల్ మన మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవారు. ఆ లేజర్‌ను మాత్రల మీదికి తెచ్చింది థీవెస్ పనిచేసిన ఆల్జా సంస్థ. కదిలే మాత్రను లేజర్ కిరణం వెంబడించే ఏర్పాటు మీద 1977లో, మాత్రకు లేజర్‌తో బెజ్జం పెట్టే పద్ధతి మీద 1978లో ఆ సంస్థకు అమెరికా పేటెంట్లు వచ్చాయి. వెంబడించడానికి విడిగా ఒక పేటెంటు ఎందుకు అవసరమైందో కింద లెక్క చెబుతుంది.

మొదటి అడుగు తడబడింది. ఇండోమెథాసిన్‌తో వచ్చిన ఆస్మోసిన్ అనే మాత్రను పేగులకు పుండ్లు, చిల్లులు పడుతున్నాయని 1983లో మార్కెట్ నుంచి తీసేశారు. ఇండోమెథాసిన్, పొటాషియం లవణం కలిసిన గాఢమైన ద్రావణం ఒకే బెజ్జంలోంచి వచ్చి పేగు గోడకు ఒకేచోట తగలడం కారణమని అనుమానించారు. బెజ్జం సరిగ్గా పడినంత మాత్రాన ప్రతి మందూ ఈ పద్ధతికి సరిపోదని తేలింది. 1989లో అమెరికా అనుమతి పొందిన నిఫెడిపిన్ మాత్రతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది. 2000లో మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వచ్చింది. వాటి పేటెంట్లు ముగిశాక జెనరిక్ తయారీ మొదలై, హైదరాబాద్‌లాంటి చోట్ల ఈ యంత్రాల అవసరం వచ్చింది.

లేజర్ దగ్గర లెక్కలు

వాడేది ఎక్కువగా 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న బొగ్గుపులుసు వాయువు లేజరే. సెల్యులోజ్ అసిటేట్ ఆ పరారుణ కాంతిని బాగా పీల్చుకుంటుంది, అందుకే పొర పైభాగమే వేడెక్కి ఆవిరవుతుంది. గాజు ఈ కాంతిని పోనివ్వదు కనుక లెన్సు జింక్ సెలినైడ్‌తో చేస్తారు.

300 మి.గ్రా. మాత్ర మీద 10 శాతం పొర, అంటే 30 మి.గ్రా. ఉందనుకుందాం. మాత్ర ఉపరితలం 230 చదరపు మి.మీ., పొర సాంద్రత 1.3 అనుకుంటే పొర మందం 0.1 మి.మీ. వస్తుంది. 0.6 మి.మీ. బెజ్జానికి తీసేయాల్సిన పొర బరువు 0.04 మి.గ్రా. లోపు. పొరను పూర్తిగా దాటామన్న భరోసా కోసం మందులోకి మరో 0.2 మి.మీ. వెళ్తే మొత్తం సుమారు 0.1 మి.గ్రా. పాలిమర్ మి.గ్రా.కు 3 జౌళ్లు చొప్పున ఉజ్జాయింపుగా వేసుకుంటే 0.3 జౌళ్లు చాలు. 100 వాట్ల లేజర్‌కు అది 3 మిల్లీసెకన్ల పని.

ఇప్పుడు యంత్రం వేగం చూడండి. ఒకే వరసలో గంటకు 60,000 మాత్రలంటే సెకనుకు 16.7; ఒక్కో మాత్రకు 60 మిల్లీసెకన్లు. మాత్రకూ మాత్రకూ 20 మి.మీ. దూరముంటే అవి సెకనుకు 333 మి.మీ. వేగంతో కదులుతున్నట్టు. లేజర్ వెలిగిన 3 మిల్లీసెకన్లలో మాత్ర 1 మి.మీ. జరిగిపోతుంది. కిరణం కదలకుండా ఉంటే 0.6 మి.మీ. గుండ్రటి బెజ్జం బదులు 1.6 మి.మీ. పొడవున గాటు పడుతుంది. అందుకే గాల్వో అద్దాలు (విద్యుత్తుతో చకచకా తిరిగే చిన్న అద్దాలు) కిరణాన్ని మాత్రతోపాటు జరుపుతాయి. మైక్రోస్కోప్ కింద బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో కనిపించి, పొడవు ఎప్పుడూ మాత్రలు నడిచే దిశలోనే ఉంటే తప్పు లేజర్ శక్తిలో లేదు. గాల్వోకూ మాత్రల కదలికను కొలిచే ఎన్‌కోడర్‌కూ మధ్య లయ తప్పిందన్నమాట. పొడవు దిశ మాత్ర మాత్రకూ మారుతుంటే మాత్ర తన గూట్లో కదులుతోంది, లేదా పక్కకు ఒరిగింది.

ఇంకో చిక్కు. 10 మి.మీ. వెడల్పు కిరణం, 100 మి.మీ. నాభ్యంతరమున్న లెన్సు ఉంటే కిరణం నాభి దగ్గర 0.16 మి.మీ. దాకా సన్నబడుతుంది. కావాల్సింది 0.6 మి.మీ. ఈ తేడాను పూడ్చడానికి రెండు దారులు. మొదటిది, నాభిని కావాలనే కొంచెం పక్కకు జరిపి కిరణాన్ని వెడల్పు చేసి ఒకే దెబ్బ కొట్టడం. తొందరగా అయిపోతుంది, కానీ అంచులు అంత పదునుగా రావు. కిరణం మధ్యలో వేడి ఎక్కువ, అంచున తక్కువ కాబట్టి బెజ్జం గిన్నెలా దిగుతుంది. రెండోది, సన్నటి కిరణాన్ని వలయంగా తిప్పడం. అంచు శుభ్రంగా ఉంటుంది. అయితే వలయం ఒక్కటే తిప్పి వదిలేస్తే మధ్యలో చిన్న బిళ్ల ఊడకుండా మూతలా నిలబడిపోవచ్చు. కెమెరాకు గుండ్రటి నల్లని గీత కనిపిస్తుంది, అది ‘బాగుంది’ అంటుంది. లోపలి మందు మాత్రం బయటికి రాదు. అందుకని వలయం లోపలి నుంచి బయటికి చుట్లు చుట్లుగా తిప్పి మొత్తం చెక్కేయడమే క్షేమం.

మాత్ర మందంలో 0.1, 0.2 మి.మీ. తేడా బెజ్జానికి సమస్య కాదు. పైన చెప్పిన కిరణానికి నాభి లోతు అటూ ఇటూ 1.5 మి.మీ. దాకా ఉంటుంది. నిలువుగా నిలబడ్డ మాత్ర, ఒకే గూట్లో ఇరుక్కున్న రెండు మాత్రలు, అంచు విరిగిన ముక్క, ఇవి అసలు సమస్యలు. వీటిని లేజర్‌కు ముందే ఏరేసే సెన్సర్ ఉండాలి.

వైపు తప్పితే

హాపర్ (మాత్రలు పోసే గరాటు) నుంచి కంపించే ట్రే మీదుగా గూళ్లలో పడే గుండ్రటి మాత్రల్లో దాదాపు సగం మందు వైపు పైకి, సగం కిందికి పడతాయి. లేజర్ ఒక్కటే ఉంటే తిరగబడ్డ సగాన్ని పక్కకు తోసి మళ్లీ హాపర్లో పోయాలి. గంటకు 60,000 అని బోర్డు మీద రాసున్న యంత్రం నికరంగా ఇచ్చేది 30,000. పైనా కిందా రెండు లేజర్లున్న యంత్రాల్లో రంగు సెన్సర్ చెప్పిన వైపు లేజర్ మాత్రమే వెలుగుతుంది.

ఈ సెన్సర్ చూసేది పారదర్శకమైన సెల్యులోజ్ అసిటేట్ పొర గుండానే. కాబట్టి రంగు కోటింగ్ వేయకముందే డ్రిల్లింగ్ చేయడం మేలు. ఆ వరసలో వెళితే రంగు కోటింగ్ మొదట్లో నెమ్మదిగా చల్లాలి. లేకపోతే తడి బెజ్జంలోకి దిగి అక్కడి పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఉబ్బి ముడత పడుతుంది. రంగు పొర బెజ్జాన్ని కప్పినా భయం లేదు, అది నీళ్లలో కరిగేదే.

వాన కాలంలో ఇక్కడొక గొలుసుకట్టు తప్పు జరుగుతుంది. సెల్యులోజ్ అసిటేట్‌ను ఎసిటోన్, కొద్దిపాటి నీరు కలిపిన ద్రావణంగా చల్లుతారు. సాధారణంగా 95కి 5 లేదా 90కి 10 నిష్పత్తిలో. ఎసిటోన్ చప్పున ఆవిరవుతూ మాత్ర ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. కోటింగ్ పాన్‌లోకి వచ్చే గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి ఉపరితలం మీద నీరు పట్టి, పాలిమర్ తెల్లగా విరిగినట్టు దిగుతుంది. జూలై, ఆగస్టుల్లో తేమ తీయని గాలితో నడిపితే హైదరాబాద్‌లో ఇది ఎప్పుడైనా జరగొచ్చు. తెల్లబడ్డ పొరలో సూక్ష్మ రంధ్రాలెక్కువ, నీరు త్వరగా పారుతుంది, మందు త్వరగా వస్తుంది. పొర పాలలా మసకబారి ఎరుపుకూ తెలుపుకూ తేడా సెన్సర్‌కు అందదు. రిజెక్టు డబ్బా నిండుతుంది. డ్రిల్లింగ్ గదిలో ఆపరేటర్ సెన్సర్ సున్నితత్వాన్ని సవరించి బ్యాచ్ గట్టెక్కిస్తాడు. నాలుగు రోజుల తరవాత డిసొల్యూషన్ వేగంగా వస్తే బెజ్జాలు కొలుస్తారు. ఆ బెజ్జాల్లో ఏ లోపమూ ఉండదు.

రిజెక్టులు అకస్మాత్తుగా పెరగడాన్ని కోటింగ్ గురించి వచ్చిన కబురుగా చదవడం నేర్చుకున్న ప్లాంటుకు సగం విచారణలు తప్పుతాయి.

చిల్లర్, లెన్సు, పొగ

వానాకాలపు రెండో దెబ్బ నీటిని చల్లబరిచే చిల్లర్ది. లేజర్ ట్యూబుకు తిరిగే చల్లని నీటిని చాలాచోట్ల 20 డిగ్రీల దగ్గర పెడతారు. డ్రిల్లింగ్ గదిలో 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 14 డిగ్రీలే, ఇబ్బంది లేదు. ఏసీ లేని సర్వీసు కారిడార్‌లో లేజర్ ఉండి, అక్కడ 28 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే మంచు బిందువు 23 దాటుతుంది. చల్లటి భాగాల మీద, అద్దాల మీద చెమట పడుతుంది. ఉదయం షిఫ్టు మొదలైన గంటకు శక్తి పడిపోయి, మధ్యాహ్నానికి తనంతట తానే సర్దుకునే లేజర్ ఉంటే ముందు చూడాల్సింది ఇదే. నీటి ఉష్ణోగ్రతను తయారీదారు ఒప్పుకునే హద్దులో మంచు బిందువుకు పైన పెట్టడం, లేదా లేజర్ పెట్టెలోకి పొడి గాలి వదలడం దీనికి మందు.

పొర కాలినప్పుడు వచ్చే పొగలో పులిసిన వాసన ఉంటుంది. ఆ పొగ పీల్చే గొట్టం సరిగా లాగకపోతే జిగట మసి లెన్సు మీద పేరుకుంటుంది. మసి పట్టిన లెన్సు శక్తిని తను తినేసి వేడెక్కుతుంది, నాభి జరుగుతుంది. బెజ్జం చిన్నదవుతుంది, అంచు నల్లబడుతుంది. అప్పుడు శక్తి పెంచడం పొరపాటు, లెన్సు ఇంకా త్వరగా పాడవుతుంది. షిఫ్టు మొదట్లో, చివర్లో లెన్సు తరవాత పవర్ మీటర్‌తో కొలిచి రాసుకుంటే ఈ జారుడు ముందే తెలుస్తుంది. జింక్ సెలినైడ్ విషపదార్థం. పగిలినా, కాలినా చేత్తో ముట్టుకోకూడదు.

బెజ్జం చుట్టూ లేత గోధుమరంగు సహజం. నల్లని వలయం కనిపిస్తే శక్తి ఎక్కువైంది, లేదా పొగ లాగడం లేదు. లోపలికి మరీ లోతుగా వెళితే మందు కాలి కొత్త మలినాలు పుట్టే అవకాశముంది కాబట్టి అభివృద్ధి దశలోనే బెజ్జం చుట్టూ ఉన్న భాగాన్ని విడిగా గీకి పరీక్షించాలి. మొత్తం మాత్రను పరీక్షిస్తే 300 మి.గ్రా.లో ఆ కాస్త కలిసిపోయి కనిపించదు. పాలీఇథిలీన్ ఆక్సైడ్ 65, 70 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన పాలిమర్ బెజ్జంలోకి తిరిగి వచ్చి గట్టిపడితే సన్నటి బిరడా తయారవుతుంది. అది నీళ్లలో కరిగేదే కాబట్టి మందు ఆగిపోదు, ఆలస్యమవుతుంది.

గీత చెప్పే సంగతి

ఏ గంటకు ఎంత మందు వచ్చిందో చూపే డిసొల్యూషన్ గీతను చదవడం తెలిస్తే ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది. పరీక్షకు పెట్టిన ఆరు మాత్రలూ ఒకే వాలుతో, కానీ గంట ఆలస్యంగా వస్తుంటే బెజ్జం తెరుచుకోవడం ఆలస్యమవుతోంది: బిరడా, మూత, లేదా పొరను పూర్తిగా దాటని లోతు తక్కువ బెజ్జం. వాలే మారిపోయి, ఆరూ ఒకే తీరున వేగంగానో నెమ్మదిగానో ఉంటే బెజ్జాన్ని వదిలేసి పొర దగ్గరికి వెళ్లాలి: బరువు పెరుగుదల, పొరలో పాలీఇథిలీన్ గ్లైకాల్ వాటా, ఆరబెట్టిన తీరు. ఒక్క మాత్ర చాలాసేపు సున్నా దగ్గరే ఉండి హఠాత్తుగా పైకి ఎగిసిందా, దానికి బెజ్జం లేదు, పొర పగిలింది. మందంతా ఒకేసారి బయటపడే ఈ ఘటనే రోగికి అన్నిటికంటే ప్రమాదకరం. ఒక్క మాత్రలోంచి మందు పూర్తిగా రాకుండానే ఆగిపోయిందా, ఉబ్బే పొర వైపు బెజ్జం పడింది. నెట్టాల్సిన పాలిమరే బయటికి కారిపోయింది, మందు లోపలే చిక్కుకుంది.

ఆరబెట్టడం గురించి ఒక మాట. ఎసిటోన్ మిగులు 5,000 పీపీఎం లోపు ఉండాలన్నది అంతర్జాతీయ హద్దు. ఆ హద్దులోకి రాగానే ట్రేలలో ఆరబెట్టడం ఆపితే, పొరలో పాలిమర్ ఇంకా సర్దుకుంటూ ఉండవచ్చు. నెల రోజుల తరవాత వేగం మారుతుంది. 40 నుంచి 50 డిగ్రీల దగ్గర ఒకటి నుంచి మూడు రోజులు ఆరబెట్టే ఆనవాయితీ ఇందుకే. హడావుడి ఆర్డర్లలో ముందు కోత పడేది ఇక్కడే. కోటింగ్ ఎంత పెద్ద పనో కూడా గుర్తుండాలి. 3 లక్షల మాత్రలకు 30 మి.గ్రా. చొప్పున 9 కిలోల పొర కావాలి. 5 శాతం ద్రావణమైతే 180 కిలోలు చల్లాలి, అందులో సింహభాగం ఎసిటోన్. దాని జ్వలన బిందువు మైనస్ 20 డిగ్రీలు. నిప్పురవ్వ రాని మోటార్లు, ఎర్తింగ్, ఆవిరి సెన్సర్లు లేని గదిలో ఈ పని తలపెట్టకూడదు.

ఆరు మాత్రలు పట్టుకోలేనిది

3 లక్షల మాత్రల బ్యాచ్‌లో వెయ్యికి ఒకటి బెజ్జం లేకుండా వెళ్లిందనుకుందాం. అంటే 300 మాత్రలు. డిసొల్యూషన్ మొదటి దశలో పరీక్షించేది ఆరే. ఆ ఆరింట్లో ఒక్కటైనా బెజ్జం లేనిది దొరికే అవకాశం 0.6 శాతం. మూడో దశ దాకా వెళ్లి 24 పరీక్షించినా 2.4 శాతమే. ల్యాబ్ సర్టిఫికెట్ శుభ్రంగా వస్తుంది, 300 మాత్రలూ జనంలోకి వెళతాయి. కాబట్టి ప్రతి మాత్రనూ చూసే కెమెరానే ఇక్కడ నిజమైన కాపలా. దాన్ని నమ్మడానికి ముందు పరీక్షించాలి.

ఆ పరీక్షకు మంచి పద్ధతి ఉంది. బెజ్జం లేనివి, రెండో వైపు పడ్డవి, అంచుకు జరిగినవి, రెండు బెజ్జాలవి, బెజ్జం లేకుండా నల్ల మసి చుక్క మాత్రమే ఉన్నవి, ఇలా ప్రతి రకంలో కనీసం పది మాత్రలు ముందే తయారుచేసి లెక్కపెట్టి ఉంచాలి. బ్యాచ్ మొదట్లో, చివర్లో, యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు వీటిని మంచి మాత్రల మధ్య పంపాలి. అన్నీ రిజెక్టు డబ్బాలో తేలాలి. ఒక్కటి తగ్గినా గతసారి పరీక్ష తరవాత వచ్చిన సరుకంతా పక్కన పెట్టాలి. మసి చుక్క మాత్రలే ఎక్కువగా తప్పించుకుంటాయి, పైనుంచి పడే వెలుతురులో మసికీ గుంతకూ తేడా ఉండదు. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు వేస్తే గుంతకు నీడ పడుతుంది, మసికి పడదు. మరో లోపం చెడ్డ మాత్రను ఊదేసే గాలి జెట్‌ది: కెమెరా తప్పు పట్టుకున్నా, గాలి ఒత్తిడి తగ్గితే మాత్ర ఎగరక మంచివాటిలో కలుస్తుంది. రిజెక్టు దారిలో లెక్కించే సెన్సర్ పెట్టి, కెమెరా చెప్పిన సంఖ్యతో సరిపోకపోతే యంత్రం ఆగిపోయేలా కట్టాలి. గంటకోసారి మైక్రోస్కోప్ కింద పొడవు, వెడల్పు రెండూ కొలవడం మామూలే.

రిజెక్టులను మళ్లీ యంత్రంలో పోసే ఆశ పుడుతుంది. తిరగబడి పడినందుకు లేజర్ తగలకుండా పక్కకు వెళ్లినవాటికి ఒక డబ్బా, కెమెరా తిప్పికొట్టినవాటికి ఇంకో డబ్బా ఉండాలి. మొదటివి మళ్లీ పోయొచ్చు, రెండోవి నాశనం చేయాల్సిందే. రెండూ ఒకే డబ్బాలో పడే యంత్రాన్ని కొనకపోవడమే మంచిది.

లేజర్ లేకుండా చేసే దారులూ ఉన్నాయి. పరిశోధన దశలో 0.6, 0.8 మి.మీ. డ్రిల్ బిట్టుతో చేత్తో బెజ్జం పెట్టి పది మాత్రలు పరీక్షించడం ఇప్పటికీ చేస్తారు. పొర చిట్లుతుంది, అయినా ఫార్ములా సరైన దారిలో ఉందో లేదో తెలుస్తుంది. పొరలోనే కరిగిపోయే పదార్థం కలిపి, పేగులో తనంతట సూక్ష్మ రంధ్రాలు పడేలా చేసే పద్ధతి మరొకటి. బాగా కరిగే మందుకు అది చాలు, పైగా చవక. కరగని మందును జిగురుగా బయటికి నెట్టాలంటే మాత్రం ఆ సూక్ష్మ రంధ్రాలు సరిపోవు.

జెనరిక్ తయారుచేసేవాళ్లు ఇక్కడ ఒక అమెరికా అనుభవం గుర్తుంచుకోవాలి. మిథైల్‌ఫెనిడేట్ దీర్ఘకాలిక మాత్రల జెనరిక్‌లు రెండింటి సమానతా రేటింగును 2014 నవంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తగ్గించింది. 7 నుంచి 12 గంటల మధ్య మందు నెమ్మదిగా అందుతుండవచ్చన్నది దాని అభ్యంతరం. గీత మొత్తం ఆకారం సరిపోవాలి. దాన్ని సరిచేసుకునే చోటు మళ్లీ పొర, ఉబ్బే పొర పాళ్లే.

మాత్ర పని ముగిశాక పొర మాత్రం అరగకుండా మలంలో బయటికొస్తుంది. ‘గోలీ అట్లనే వచ్చింది, పని చేసినట్టు లేదు’ అని మెడికల్ షాపులో అడిగేవాళ్లకు అది ఖాళీ పెంకు అని చెప్పాలి. పేగు ఎక్కడైనా సన్నబడ్డవాళ్లకు ఆ పెంకు ఇరుక్కునే ప్రమాదముంది, వాళ్లకు డాక్టర్లు వేరే రకం రాస్తారు. అన్నిటికంటే తరచు జరిగే తప్పు సగం గోలీ అలవాటు. 9 మి.మీ. మాత్రను మధ్యకు విరిస్తే, 0.28 చదరపు మి.మీ. బెజ్జమున్న చోట ఒక్కో ముక్కకూ దాదాపు 35 చదరపు మి.మీ. నోరు తెరుచుకుంటుంది. 0.5కూ 0.7కూ తేడా చూపని మాత్ర, 120 రెట్లు పెద్దదైన ఆ దారిలోంచి రోజంతా పంచాల్సిన మందును ఎంతో ముందే వదిలేస్తుంది.